గంట సారు మౌనం

గంట సారు పోయాడట.

నిన్న పొద్దున చెన్నూరులో మా విత్తనాల కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. రెండేళ్ల కిందట పత్తి గింజల కంపెనీ మా డీలర్లందర్నీ బాలి ద్వీపం తిప్పి తీసుకొచ్చింది. అప్పటి వాట్సాప్ గ్రూపు ఇంకా బతికే ఉంది. అందులో ఎవరో ఫోటో పెట్టారు. కాషాయ బట్టలు, తెల్ల గడ్డం, మెడలో పూలదండ, కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. హిమాలయ గుహల్లో ముప్ఫై ఏళ్లు తపస్సు చేసిన గురూజీ తొంభయ్యో ఏట దేహం చాలించారని. దండం పెట్టే బొమ్మలు అప్పటికే ఇరవై దాకా వచ్చి పడ్డాయి.

తొంభై ఎక్కడివి? ఆయన మా బాపు కంటే రెండేళ్లు చిన్న, బాపుకు డెబ్బై ఆరు. హిమాలయాలెక్కడివి? ఆ ముప్ఫై ఏళ్లూ ఆయన ఉన్నది బెల్లంపల్లి బొగ్గుబాయి అడుగున. చచ్చాక కూడా ఆయన గురించి ఒక్క నిజం బయటికి రాలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మందు డబ్బా కోసం వచ్చిన రైతు "ఏందక్కా, మొఖం గట్ల వెట్టినవ్" అన్నాడు. ఏం లేదులే అని డబ్బా చేతికిచ్చాను.

ఆయన మా కాలనీ మనిషే. బాయిలోకి మనుషులు దిగే ఇనుప బోను దగ్గర, అడుగున నిలబడి గంట కొట్టే పని ఆయనది. పైన మిషను నడిపేవాడికి కిందిది కనబడదు, గంటే చెప్పాలి. ఒకటి కొడితే పైకి లాగమని. రెండు కొడితే దించమని. మూడు కొడితే, బోనులో ఉన్నది బొగ్గు కాదు మనుషులు, చూసి నడుపు అని. బొగ్గు కంపెనీ డాక్టర్ల బోర్డు గుండె జబ్బని తేల్చి ఇంటికి పంపాక ఆయన కమ్యూనిటీ హాలులో యోగా మొదలుపెట్టాడు. అక్కడా అదే గంట. ఎడమ చేతిలో స్టీలు గ్లాసు, కుడి చేతిలో చెంచా. టంగుమని ఒకటి కొడితే ఊపిరి పైకి. రెండు కొడితే కిందికి. మూడు కొడితే అందరం లేచి నిలబడాలి. అందుకే గంట సారు.

"మూడు కొట్టిన్నంటే మనుషులని. బస్తాలెక్క పడి ఉండకుండ్రి, లెవ్వుండ్రి" అనేవాడు.

క్లాసు మొదలుపెట్టే ముందు రెండు వేళ్లతో నుదుటి మీద తడుముకునేవాడు. అక్కడ బొట్టు లేదు, ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లు టోపీకి లైటు పెట్టుకొని తిరిగిన చెయ్యి అది, లైటు ఉందో లేదో చూసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు. కుడి చెవి వినబడదు కాబట్టి ఎవరు మాట్లాడినా ఎడమ చెవి ముందుకు తిప్పి, గోడను చూస్తూ వినేవాడు. చింత బరిగెతో మోకాళ్లు తట్టి సరిచేసేవాడు తప్ప చేత్తో ముట్టుకునేవాడు కాదు. ముట్టుకునేదల్లా ఊపిరినే. చేతి వెనుక భాగం మన ముక్కు కింద పెట్టి కళ్లు మూసుకునేవాడు. నీలగిరి తైలం వాసన గుప్పుమనేది. "నిన్న పొద్దుమీకి కొట్లాడినవ్ కదనే, ఊపిరి ఇంకా గరం ఉన్నది" అని చెప్పేవాడు. నిజంగానే కొట్లాడి ఉండేదాన్ని. చాయ్ తాగితే యోగం పనికిరాదని మాకు చెప్పి, బస్టాండు దగ్గర హోటల్లో గోడవైపు తిరిగి చాయ్‌లో రస్కు ముంచుకునేవాడు. అది చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఆ రస్కు దగ్గరే ఆయన సంగతి పోల్చుకొని ఉండాల్సింది.

ఆయనకు ఒక మాట ఉండేది. రోజుకు పదిసార్లు అనేవాడు. "ఊపిరి కాడ దొంగతనం నడ్వది." ఎవరైనా లెక్క దాటేసి తొందరగా వదిలితే ఆ మాటే. పక్కవాణ్ని చూసి చేస్తే ఆ మాటే. దాని వెనుక తన సొంత కథ చెప్పేవాడు. "బోర్డు నన్ను పనికిరానన్నది. గుండె కొట్టుకునుడు చూసి డాక్టర్లే బుగులువడ్డరు. గా గుండెను యోగం నిలవెట్టింది." మేం నోళ్లు తెరుచుకొని వినేవాళ్లం.

నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఆయనకు నేనంటే అభిమానం. నేనే మా బాపును ఆ హాలుకు తోలుకుపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎందుకో అర్థం కావాలంటే మా కాలనీ పద్ధతి తెలియాలి. మా దగ్గర మనిషి ఒళ్లు పాడైందని బోర్డు తేలిస్తే ఆ ఇంట్లో మిఠాయి పంచుతారు. తండ్రి పనికిరాడంటే కొడుక్కి ఆ పని వస్తుంది. దాన్ని మెడికల్ అన్‌ఫిట్ అంటారు. తండ్రి దగ్గుతుంటే కొడుకు పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు. మా బాపు బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. నడుము పోయింది, పడుకుంటే ఆయాసం. అన్నకు ఇరవై అయిదేళ్లు, చేతిలో పని లేదు. బాపు దరఖాస్తు పెట్టాడు. బోర్డు పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. నాకు మాత్రం రోజూ ఆ ఆయాసం వింటుంటే ప్రాణం పోయినట్టుండేది. "ఊకె కూసునే బదులు రా బాపూ, జర ఊపిరన్న ఆడుతది" అని చెయ్యి పట్టుకొని తీసుకుపోయాను.

గంట సారు చేతిలో ఏదో ఉంది, కాదనను. ఎనిమిది నెలలు బాపుతో ఒక్క ఆసనం కూడా పూర్తిగా చేయించలేదు. గోడకు ఆనించి కూర్చోబెట్టి గ్లాసు కొట్టేవాడు, అంతే. ఒకటి, రెండు. ఒకటి, రెండు. బాపు పడుకొని నిద్రపోవడం మొదలుపెట్టాడు. వంగి చెప్పులు తొడుక్కున్నాడు. మమ్మల్ని కన్న అవ్వ ఆ రోజు కళ్లు తుడుచుకుంది. పక్కింటామె మాత్రం గోడ మీంచి చూసి "ఏందిరా అయ్యా, గిట్ల మంచిగైతున్నవ్? బోర్డుకు పొయ్యేదాంక గవన్ని బందు వెట్టు" అంది. మేం నవ్వాం. పది రోజుల తర్వాత బోర్డు పిలుపు వచ్చింది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం బాపు డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా, నన్ను వెంటబెట్టుకొని సారు క్వార్టరుకు పోయాడు. సారు వాకిట్లో కూర్చొని బూడిదతో గ్లాసు తోముతున్నాడు. బాపు వంగి ఆయన రెండు చేతులు పట్టుకున్నాడు.

"సారూ, ఒక్క దినం. ఒక్కటే దినం. గుండెను జర ఉరికియ్యాలె. అది నీకెరుకే కదా. నా పోరని బతుకు సారూ."

సారు చేతులు లాక్కోలేదు. గోడను చూస్తూ విన్నాడు. విని, "ఊపిరి కాడ దొంగతనం నడ్వదన్నా. మంచిగున్న మనిషిని పాడు చేసుడు నా విద్య కాదు. ఇంకోపారి గిట్ల అడగకు" అన్నాడు.

బాపు ఇంకా వంగే ఉన్నాడు. ఆ వంగడం సారు నేర్పిందే. చేతులు వదిలాక చూస్తే సారు మణికట్ల మీద బొగ్గు నల్లగా అంటి ఉంది. ఆయన బూడిద తీసుకొని గ్లాసు పక్కన పెట్టి, ముందు ఆ మరకలు తోముకున్నాడు. మా ఎదురుగానే.

దారిలో బాపు నాతో కొండగట్టు అంజన్న మీద ఒట్టు వేయించుకున్నాడు. "అన్నకు చెప్పకు బిడ్డా. అడుక్కున్ననని ఎరుకైతే వాని ముందట తల ఎత్తలేను." నేను వేశాను.

బోర్డు బాపును ఫిట్ అంది. మా ఇంటికి మనుషులు చావింటికి వచ్చినట్టు వచ్చారు. "అయ్యో, ఫిట్టేనా" అని అవ్వ చేతులు పట్టుకున్నారు. మళ్లీ దరఖాస్తు పెట్టుకుందామంటే సర్వీసు తక్కువ మిగిలింది, గడువు దాటింది. అన్న ఆ రోజు అన్న మాట మా ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది. "బాపూ, నా నౌకరి నీ ఊపిర్ల వోయింది. నీ పానం మంచిగుంటే నీకు సాలు."

అన్న మస్కట్ పోయాడు. పదకొండేళ్లు సిమెంటు బస్తాలు మోసి, నడుము పోగొట్టుకొని వచ్చాడు. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. బాపుతో మాట్లాడడు. అవ్వ పోయినప్పుడు వచ్చి గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయాడు. అప్పుడు నేను ఒట్టు తీసి గట్టున పెట్టి, బాపు అడిగాడని, చేతులు పట్టుకొని అడిగాడని చెప్పాను. "తోల్కపోయిందే నువ్వు. గిప్పుడు కథలు చెప్తున్నవా?" అన్నాడు. ఆ వాకిట్లో ఆ సాయంత్రం ఉన్నది ముగ్గురం. బాపు చెప్పడు. నేను చెబితే నమ్మడు. మూడోవాడు గంట సారు. ఒళ్లు బాగైతే నౌకరి పోతుందని హాలుకు రావడం మానేసిన కాలనీని విడిచి ఆయన ఎప్పుడో ఎటో పోయాడు.

బాపు నా దగ్గరే ఉంటాడు. పొద్దున అయిదింటికి లేచి, గది తలుపు గొళ్లెం పెట్టుకొని ఆసనాలు చేస్తాడు. బీడీ తాగే పిల్లాడిలా దొంగతనంగా. ఎవరైనా "పెద్దాయన మంచిగున్నడే" అంటే తల దించుకుంటాడు. బాగున్నందుకు సిగ్గుపడే మనిషిని నేను ఆయన ఒక్కణ్నే చూశాను.

ఇక బాలి. సముద్రం ఒడ్డున గడ్డి మీద చాపలు పరిచారు. నలభై మంది డీలర్లం, అందరికీ కంపెనీ పంచిన ఆకుపచ్చ టీషర్టులు, సగం మందికి బొజ్జలు, అటు పక్కన కొంతమంది తెల్లవాళ్లు. పొద్దున్నే యోగా అని కాగితంలో రాశారు. వచ్చిన గురూజీ కాషాయంలో ఉన్నాడు. గుహ గురించి, మంచు గురించి, తన గురువు గురించి ఇంగ్లీషులో చెప్పాడు. నేను ఆవులిస్తూ విన్నాను. అందర్నీ వెల్లకిలా పడుకోమన్నాడు. పడుకోబోతూ చూశాను. ఆయన రెండు వేళ్లతో నుదురు తడుముకున్నాడు.

ముందు పెట్టుకున్న ఇత్తడి గిన్నె మీద ఒకటి కొట్టాడు. నా ఊపిరి దానంతటదే పైకి పోయింది. రెండు కొట్టాడు, దిగింది. అట్లా ఎంతసేపో. తర్వాత మూడు. ఆయన నోటితో ఏమీ చెప్పలేదు, చెప్పకముందే నేను లేచి నిలబడి ఉన్నాను. నలభై మంది బస్తాల్లా పడుకొని ఉంటే నేనొక్కదాన్ని నిటారుగా. ఆయన నన్ను చూశాడు. చూసి, మిగతా వాళ్లను లేపి, ఆ మూడు దెబ్బలు గుహలో తన గురువు చెవిలో చెప్పిన రహస్యమని చెప్పాడు. తెల్లవాళ్లు కళ్లు మూసుకొని తలలూపారు. మా బాయి గంట అది. మా వాళ్లు చీకట్లోకి దిగుతూ, ఎక్కుతూ, బతికి ఉన్నామని పైవాడికి చెప్పుకున్న గంట అది.

క్లాసు అయ్యాక వంటగది వెనక దొరికాడు. స్టీలు గ్లాసులో చాయ్, అందులో రస్కు.

"సార్, నేను బెల్లంపల్లి బిడ్డను" అన్నాను.

"ఆల్ ప్లేసెస్ ఆర్ వన్, చైల్డ్" అన్నాడు.

"అన్ని జాగలు ఒక్కటే అయితే బెల్లంపల్లిల్నే ఉండకపోయిండ్రా సార్?"

రస్కు చాయ్‌లో తెగిపడింది. ఆయన నవ్వాడు, అదే పాత నవ్వు. ఎడమ చెవి ఇటు తిప్పాడు. "ఎవరి బిడ్డవే?"

బాపు పేరు చెప్పాను. వెంటనే అడిగిన మాట, "ఊపిరెట్లున్నది మీ బాపుకు?" మోసగాడు అట్లా అడగడు కదా అనుకున్నాను. అందుకే అంతా చెప్పాను. ఫిట్ అన్నది, అన్న మస్కట్, గొళ్లెం పెట్టుకునే తలుపు, అంతా.

"మీరు మా అన్నకు ఒక్క మాట చెప్పుండ్రి సార్. బాపు మిమ్ముల అడిగిండని. గంతే. మీ గుండె నిజంగ ఖరాబైంది, బోర్డు అన్‌ఫిట్ అన్నది. బాపుది మంచిగైంది. మీరు అబద్ధం నేర్పనన్నరు. దాన్ల మీ తప్పేం లేదు. అడిగిండని చెప్పుండ్రి సాలు."

ఆయన తెగిపడ్డ రస్కును వేలితో తీసి పారేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నా గుండెకు ఏం కాలేదు బిడ్డా."

"ఏంది?"

"మూడు దినాలు నిద్ర లేకుండ ఊపిరి బిగవట్టిన. గుండెను గుర్రం చేసిన. నా పోరనికి నౌకరొచ్చింది. మీ బాపుకు చెప్తే తెల్లారి కాలనీ మొత్తం నా వాకిట్ల లైను కడ్తది. బోర్డోళ్లు ఊకుంటరా? నా పోరని నౌకరి ఉంటదా?"

ఆయన కొడుకు కోసం దొంగతనం చేశాడని కాదు నా కోపం. మా కాలనీలో ఏ తండ్రైనా చేసేవాడే, నేనే ఆ చోట ఉంటే చేసేదాన్నే. "భయమైతున్నదన్నా, నా వల్ల కాదు" అని ఉంటే బాపు అర్థం చేసుకొని ఇంటికి వచ్చేవాడు. నీతి చెప్పాడు. బొగ్గు చేతులతో వంగిన మనిషిని దొంగను చేసి, తను మహాత్ముడై, ఆ బొగ్గు బూడిదతో తోముకున్నాడు. పంతొమ్మిదేళ్లు మా ఇల్లు ఆ నీతి కిందే నలిగింది.

అప్పటిదాకా ఆయన్ను 'మీరు' అనేదాన్ని. "నువ్వు రేపు మా అన్నతోని మాట్లాడుతున్నవ్" అన్నాను. "నీ సంగతి చెప్పకు. నీ కొడుకు నౌకరి నీకే. మా బాపు అడిగిండని ఒక్కటి చెప్పు."

తల మీద చెయ్యి పెట్టాడు. నీలగిరి తైలం వాసన. "రేపు క్లాసయినంక. మాటిస్తున్న బిడ్డా."

మర్నాడు గడ్డి మీద చిన్న పలక నిలబెట్టి ఉంది. గురూజీ మూడు రోజులు మౌన వ్రతంలో ఉన్నారని. ఆ సాయంత్రమే మా విమానం. ఎవరో కుర్ర శిష్యురాలు క్లాసు చెబుతోంది, ఆయన వెనక దిండు మీద కళ్లు మూసుకొని కూర్చున్నాడు. నాకు పిచ్చి నవ్వు వచ్చింది. పోయి ఆయన ఎదురుగా కూర్చొని అన్నకు వీడియో కాల్ చేశాను. మన దగ్గర అప్పటికింకా తెల్లవారుతోంది. అన్న గేటు దగ్గర కార్లు తుడుస్తున్నాడు. ఫోను ఆయన మొహం ముందు పెట్టాను.

"గంట సారు కాదా?" అన్నాడు అన్న. "గీ ఏషమేంది?"

"అన్నా, నువ్వే అడుగు."

అన్న చేతిలో గుడ్డ కారు మీద పడేసి అడిగాడు. గొంతు చిన్నదైపోయింది. "సార్, మా బాపు నా కోసం మిమ్ముల అడిగిండా?"

ఆయన కనురెప్పలు అదిరాయి. విన్నాడు, ఎడమ చెవి ఇటే ఉంది. పెదవి కదలలేదు. తల ఊపితే చాలు, వ్రతం చెడదు. ఊపలేదు. నేను పక్కనున్న కర్ర తీసి ఆ ఇత్తడి గిన్నె మీద కొట్టాను. ఒకటి, రెండు, మూడు. చాపల మీద ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి ఇటు చూశారు. బోనులో మనుషులున్నారయ్యా, చూడు అని కొట్టాను. ఆయన లేవలేదు.

"ఏమంటలేడు కదనే," అన్నాడు అన్న. "నేను చెప్పలే? అడగలే బాపు." ఫోను పెట్టేశాడు. అడిగి ఉంటే సారు అవునని ఉండేవాడు కదా అని తర్వాత వదినతో అన్నాడట. గంట సారు నోరు విప్పకుండానే మా బాపు మీద సాక్ష్యం చెప్పిపోయాడు.

బాలి సంగతి బాపుకు నేను చెప్పలేదు. నిన్న సారు పోయాడని మాత్రం చెప్పాను. బాపు లేచి వెళ్లి, సొంతవాళ్లు పోయినట్టు తలస్నానం చేసి వచ్చాడు. "మనకు నష్టమైంది గని బిడ్డా, మాట మీద నిలవడ్డ మనిషి. దొంగతనం ఎరుగడు" అన్నాడు. నా నాలుక మీదికి వచ్చింది. మింగాను. ఈ పంతొమ్మిదేళ్లూ ఆయనకు మిగిలిన ఓదార్పు అదొక్కటే. ఒక నిజాయితీపరుడి ముందు ఓడిపోయానని. ఆ ముక్క కూడా ఎట్లా లాక్కోను?

బాపుకు చదువు రాదు. అన్నకు వచ్చు. అందుకే ఇదంతా రాస్తున్నాను, అచ్చయ్యాక ఆ అపార్టుమెంటు గేటుకు పోస్టు చేస్తాను. ముగ్గురిలో ఒకడు నోరు మూసుకొని చచ్చాడు. బాపు చెప్పడు. ఇక చెప్పడానికి నేనే మిగిలాను.

అన్నా, బాపు అడిగిండు. స్నానం సుత చెయ్యకుండ పోయిండు. వంగి, రెండు చేతులు పట్టుకొని, నా పోరని బతుకు సారూ అన్నడు. ఆ బొగ్గు సారు మణికట్లకు అంటింది, నేను చూసిన. నీ మీద ఒట్టు. పొద్దుగాల అయిదింటికి బాపు లేస్తడు. తలుపు గొళ్లెం పెట్టుకుంటడు. నువ్వు రా. వచ్చి ఏం మాట్లాడకు, ఆ తలుపు మీద మూడు కొట్టు. మనిషి వచ్చిండని బాపుకు ఎరుకైతది.